లింకు వచ్చింది సరే, ఫైలు వచ్చిందా?

కాడుగోడిలో ఉన్న పిల్లల దగ్గర నుంచి షెడ్డులో ఉన్న పెద్దల ఫోనుకు కాగితాలు, వీడియోలు ఏ దారిన తెప్పించుకుంటే మేలు



ఈసారి మేత గురించో, మందుల గురించో కాదు, ఫోన్ల గురించి రాస్తున్నాం. ఫోనుకూ పట్టుపురుగుకూ ఏం సంబంధమని పక్కన పెట్టేయకండి. పురుగులు జ్వరం దాటి లేచిన పొద్దున, పడక మీద పొడి ఎంత చల్లాలో రాసిన పట్టిక తెరుచుకోక, సిగ్నల్ కోసం షెడ్డు బయట చెయ్యెత్తుకుని తిరిగే మనిషిని మీరు చూసే ఉంటారు. ఆ మనిషి మీరే అయినా ఆశ్చర్యం లేదు.

ఈ కథ కాడుగోడి దగ్గర మొదలుపెట్టాలి. బెంగళూరుకు తూర్పు అంచున ఉన్న ఈ ఊరు మనలో చాలామందికి పేరుతో తెలియదు, వైట్‌ఫీల్డ్ అంటే తెలుస్తుంది. రైల్వే వాళ్లు బోర్డు మీద వైట్‌ఫీల్డ్ అని రాసుకున్నారు గానీ, ఆ స్టేషన్ ఉండేది కాడుగోడిలోనే. 2023 మార్చి 26 నుంచి మెట్రో కూడా అక్కడికి వచ్చింది. దాని పేరులో రెండు ఊళ్లనూ కలిపి పెట్టారు. కుప్పం, గుడుపల్లె వైపు రైలెక్కిన మన పిల్లలు బంగారుపేట, మాలూరు దాటి అక్కడ దిగుతారు. కొందరు రోజూ పోయి రోజూ వస్తారు. కొందరు అక్కడే గది తీసుకుని వారానికో, పదిహేను రోజులకో ఊరికి వస్తారు. ఒకరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ఒకరు సెక్యూరిటీలో, ఒకరు హోటల్లో. ఇంటి దగ్గర అమ్మానాన్న మల్బరీ తోట, షెడ్డు చూసుకుంటా ఉంటారు.

ఇలాంటి ఇళ్లలో ఇప్పుడు కాగితాల పని మొత్తం కాడుగోడికి పోయింది. షెడ్డు సబ్సిడీ దరఖాస్తు నింపేది అక్కడి నుంచే. గుడ్ల బిల్లు, చాకీ కేంద్రం ఇచ్చిన చీటీ, మార్కెట్లో గూళ్లు అమ్మిన రసీదు ఫొటోలు తీసి పంపితే దాచేది అక్కడే. శిక్షణ వీడియో దించేది, మందుల పట్టిక పీడీఎఫ్ చేసేది, బ్యాంకు పాసుబుక్కు స్కాన్ చేసేదీ వాళ్లే. పిల్లలు మంచి పనే చేస్తున్నారు. తంటా ఎక్కడొస్తుందంటే, చేసింది తిరిగి మన ఫోనుకు చేరేటప్పుడు.

మన పల్లెల్లో ఈ మాటలు వినని ఇల్లు తక్కువ:

"నాయినా, డ్రైవ్‌లో పెట్టి లింకు పంపినా. చూసుకో."

"నొక్కితే ఏందో అనుమతి కావాలంటా ఉంది రా."

"నీ జీమెయిల్‌తో లోపలికి పోవాల నాయినా."

"నా జీమెయిల్ ఏందో నాకేం తెలుసు? పెట్టిచ్చింది నువ్వే కదా."

ఇందులో తప్పు కొడుకుదీ కాదు, తండ్రిదీ కాదు. లింకు వేరు, ఫైలు వేరు అనే సంగతి ఇద్దరి మధ్యా మాటల్లోకి రాలేదు, అంతే. లింకు అంటే బీరువా ఎక్కడుందో చెప్పే అడ్రసు. బీరువా తాళం చెవి కాదు, బీరువాలో ఉన్న చీర అంతకన్నా కాదు. అడ్రసు చేతిలో పెట్టుకుని పోయినా నెట్టు ఉండాలి, అనుమతి ఉండాలి, అవతలి ఖాతా బతికి ఉండాలి. ఫైలు మన ఫోన్లో ఉంటే ఈ మూడింటి అవసరమూ లేదు.

*క్లౌడ్ దారి*

గూగుల్ డ్రైవ్ లాంటివాటిని క్లౌడ్ అంటున్నారు. పేరు మబ్బు గానీ అది నేల మీదే ఎక్కడో పెద్ద గోదాముల్లో ఉండే కంప్యూటర్లు. కాడుగోడిలో ఉన్నవాళ్లు అక్కడికి ఎక్కిస్తారు, మనం అక్కడి నుంచి దించుకుంటాం. ఒకే ఫైలు రెండు సార్లు ప్రయాణం చేస్తుందన్నమాట. డేటా ఖర్చు కూడా రెండు చోట్లా పడుతుంది.

ఒక లెక్క చూడండి. చంద్రికల్లోకి పురుగులు ఎక్కించే పద్ధతి మీద 300 ఎంబీ వీడియో ఒకటి ఉందనుకుందాం. అక్కడ సెకనుకు 4 మెగాబిట్ల వేగం ఉంటే ఎక్కించడానికి 10 నిమిషాలు. మన ఊళ్లో 2 మెగాబిట్లే వస్తే దించుకోవడానికి 20 నిమిషాలు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు వేసుకున్నవాళ్లకు ఆ రోజు డేటాలో ఐదో వంతు ఈ ఒక్క వీడియోకే పోతుంది. మధ్యలో సిగ్నల్ తెగితే మళ్లీ ఎదురుచూపు.

అయినా క్లౌడ్‌ను తీసిపారేయలేం. దానికున్న గొప్ప గుణం, ఇద్దరూ ఒకే చోట, ఒకే సమయంలో ఉండక్కరలేదు. కొడుకు రాత్రి షిఫ్టులో ఎక్కిస్తే తండ్రి తెల్లారి మేత వేసి వచ్చి దించుకోవచ్చు. రెండోది, ఫోను నీళ్లలో పడ్డా, పోయినా కాగితం పోదు. షెడ్డు కడిగేటప్పుడు జేబులోని ఫోను బకెట్లో పడేసుకున్నవాళ్లకు ఈ మాట విలువ తెలుసు.

తెలుసుకోవలసిన మడతలు కొన్ని ఉన్నాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే చోటు 15 జీబీ. ఇది డ్రైవ్‌కు ఒక్కదానికే కాదు, జీమెయిల్‌కూ ఫొటోలకూ కలిపి. మునుపు ఫొటోలను కొంచెం నాణ్యత తగ్గించి పెట్టుకుంటే లెక్కలోకి వచ్చేవి కావు. 2021 జూన్ 1 నుంచి అవి కూడా లెక్కలోకి వస్తున్నాయి. మనవరాలి పుట్టినరోజు వీడియోలు, పెళ్లి ఫొటోలు, గూళ్ల రసీదులు అన్నీ ఆ 15 జీబీలోనే తోసుకుంటాయి. నిండిపోతే కొత్త ఫైళ్లు ఎక్కవు, ఆ ఖాతాకు మెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. దరఖాస్తులో ఇచ్చిన మెయిల్ అదే అయితే శాఖ నుంచి వచ్చే జవాబు మనకు చేరదు.

ఇంకొకటి: రెండేళ్ల పాటు ఎవరూ వాడని గూగుల్ ఖాతాను దానిలోని వస్తువులతో సహా తీసేసే నియమం 2023లో వచ్చింది. కొత్త ఫోను కొన్నప్పుడల్లా పాత పాస్‌వర్డ్ గుర్తులేక కొత్త జీమెయిల్ తెరిచే అలవాటు మనలో బాగా ఉంది. పాత ఖాతాలో పెట్టిన పాత పంటల లెక్కలు ఏమవుతాయో ఆలోచించండి. షెడ్డు తండ్రిది, తోట తండ్రిది, పాసుబుక్కు తండ్రిది. మరి లెక్కలు మాత్రం కొడుకు ఖాతాలో ఎందుకుండాలి? తండ్రి పేరు మీద, తండ్రి ఫోను నంబరు మీద ఒక ఖాతా పెట్టి, పాస్‌వర్డ్ ఇంట్లో ఉన్న పాత డైరీలో రాసి బీరువాలో పెట్టండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాయకూడదని టౌన్లో వాళ్లు చెబుతారు. మన ఇళ్లలో మర్చిపోవడమే పెద్ద ప్రమాదం కాబట్టి రాసి దాచుకోవడమే మేలని మా అభిప్రాయం.

పంపేవాళ్లు చూసుకోవలసినది ఒకటే. డ్రైవ్‌లో షేర్ నొక్కినప్పుడు మామూలుగా అది మూసే ఉంటుంది, పేరు చేర్చిన మెయిల్‌కు మాత్రమే తెరుచుకుంటుంది. మందుల పట్టిక, శిక్షణ వీడియో లాంటివాటికి "లింకు ఉన్న ఎవరికైనా" అని మార్చి పంపితే నాయనకు అనుమతి గోల ఉండదు. ఆధార్, పాసుబుక్కు, పట్టాదారు కాగితాలకు మాత్రం అలా ఎప్పుడూ తెరవకండి. ఆ లింకు గుంపులో పడిందంటే ఊరందరి చేతిలో పడ్డట్టే.

అందుకునేవాళ్లు చూసుకోవలసినదీ ఒకటే. తెరిచి చదివి మూసేస్తే ఫైలు మీ ఫోన్లోకి వచ్చినట్టు కాదు. పక్కనున్న మూడు చుక్కలు నొక్కి డౌన్‌లోడ్ చేయండి. తర్వాత నెట్టు ఆపేసి, ఫైలు మళ్లీ తెరిచి చూడండి. తెరుచుకుంటే మీదే.

*నేరుగా ఇచ్చిపుచ్చుకునే దారి*

రెండు ఫోన్లు పక్కపక్కన ఉన్నప్పుడు మబ్బుల దాకా పోవలసిన పని లేదు. మునుపు మనవాళ్లంతా షేర్‌ఇట్, జెండర్ వాడేవాళ్లు. సినిమాలు, పాటలు, పెళ్లి వీడియోలు అన్నీ వాటితోనే ఇచ్చుకున్నాం. 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం ఆపేసిన 59 చైనా యాప్‌ల పట్టికలో ఆ రెండూ ఉన్నాయి. కాగితాలు స్కాన్ చేసే క్యామ్‌స్కానర్ కూడా అందులోనే పోయింది. తర్వాత చాలామంది ఇక నేరుగా పంపే దారే లేదనుకుని అన్నిటికీ వాట్సాప్ పట్టుకున్నారు.

దారి ఉంది, అదీ ఫోన్లోనే. అదే 2020 ఆగస్టులో గూగుల్ వాళ్లు నియర్‌బై షేర్ అని తెచ్చారు. 2024 జనవరిలో దాన్నీ శామ్‌సంగ్ వాళ్ల క్విక్ షేర్‌నూ ఒకటి చేసి క్విక్ షేర్ అనే పేరే ఉంచారు. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లన్నిట్లో ఏ కంపెనీదైనా ఇది ఉంటుంది. వేరే యాప్ దించుకోనక్కరలేదు. బ్లూటూత్, వైఫై, లొకేషన్ మూడూ వెలిగించుకోవాలి. తీసుకునే ఫోన్లో "అందరికీ" అని పెడితే 10 నిమిషాలు కనబడి తర్వాత దానంతట అది మూసుకుంటుంది. పంపేవాళ్లు ఫైలు ఎంచుకుని షేర్ నొక్కి, క్విక్ షేర్‌లో నాయన ఫోను పేరు తాకితే చాలు. అవతల "తీసుకో" అని నొక్కాలి. ఇందాకటి 300 ఎంబీ వీడియో, ఫోన్ల మధ్య సెకనుకు 100 మెగాబిట్ల వేగం దొరికితే 24 సెకన్లలో వచ్చేస్తుంది. నెట్టు ప్యాకులో ఒక్క ఎంబీ కూడా తగ్గదు.

వైఫై వెలిగించాలంటే "మా ఇంట్లో వైఫై లేదే" అని అడుగుతారు. ఉండనక్కరలేదు. ఫోను ఫోనుతోనే మాట్లాడుకుంటుంది. ఉత్త బ్లూటూత్‌తో కూడా పంపవచ్చు గానీ అదే వీడియోకు 20 నిమిషాలు పైనే పట్టవచ్చు. చిన్న పీడీఎఫ్‌కైతే బ్లూటూత్ సరిపోతుంది.

కేబుల్ సంగతి. ల్యాప్‌టాప్ నుంచి ఫోనుకు చాలా ఫైళ్లు ఒకేసారి ఎక్కించాలంటే దీన్ని మించింది లేదు. కేబుల్ తగిలించగానే ఫోను ఛార్జింగ్ మాత్రమే మొదలుపెడుతుంది, ఫైళ్లు కనిపించవు. ఫోను పైనుంచి కిందికి లాగితే యూఎస్‌బీ అని ఒక గీత ఉంటుంది, దాన్ని నొక్కి ఫైల్ ట్రాన్స్‌ఫర్ పెట్టాలి. అప్పుడూ రాకపోతే కేబులే మార్చి చూడండి. బస్టాండులో కొన్న కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, ఫైళ్లు నడిచే తీగలు ఉండవు. ఓటీజీ పెన్‌డ్రైవ్ అయితే ఫోనుకే గుచ్చుకోవచ్చు. దాని లోపలి అమరిక పాత రకం అయితే 4 జీబీ కంటే పెద్ద ఫైలు ఒక్కటి కూడా పట్టదు. మన పనికి అంత పెద్ద ఫైళ్లు అరుదు.

కాడుగోడి పిల్లలకు ఒక మాట. ఆఫీసు ల్యాప్‌టాప్‌ను ఈ పనికి వాడకండి. ఐటీ కంపెనీల్లో చాలా చోట్ల పెన్‌డ్రైవ్ గుచ్చనివ్వరు, సొంత డ్రైవ్ తెరవనివ్వరు. బలవంతాన దారి వెతికితే ఉద్యోగానికి ఇబ్బంది. నాయన సబ్సిడీ కాగితం కోసం అంత తెగింపు వద్దు, మీ ఫోనులోనే స్కాన్ చేసుకోండి. ఇక మీది ఐఫోను, నాయనది ఆండ్రాయిడ్ అయితే ఎయిర్‌డ్రాప్‌తో నేరుగా పోతుందని లెక్కలు వేసుకోకండి. అలాంటి ఇళ్లకు క్లౌడే తేలిక.

*అందరూ వాడేది వాట్సాప్ కదా?*

అవును. ఈ సంచిక మీకు చేరేది కూడా అందులోనే. అదీ ఒక రకం క్లౌడే. కాకపోతే వచ్చిన ఫైలును ఫోన్లోకి దించి పెడుతుంది కాబట్టి చిన్న కాగితాలకు చాలా అనుకూలం. ఫొటోల దగ్గర మాత్రం రెండు చిక్కులున్నాయి. ఈ రెండూ మన పంటకు, మన సబ్సిడీకి తగిలేవే కాబట్టి కాస్త వివరంగా రాస్తాం.

మొదటిది, ఫొటోను ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని పిండేస్తుంది. మనవడి మొహం బాగానే కనిపిస్తుంది. పురుగు వంటి మీది మచ్చ కనిపించదు. గ్రాసరీ సోకిన పురుగుకు కణుపుల మధ్య ఉబ్బు, చర్మం మీద నిగనిగ, గిల్లితే పాలలాంటి కారుడు ఉంటాయి. ఇవి దూరాన ఉన్న అధికారి ఫొటోలో గుర్తుపట్టాలంటే అసలు ఫొటో అందాలి. పురుగును తెల్ల కాగితం మీద పెట్టి, పగటి వెలుతురులో దగ్గరగా తీయండి. పంపేటప్పుడు గ్యాలరీ గుర్తు నొక్కకుండా డాక్యుమెంట్ గుర్తు నొక్కి అదే ఫొటోను ఎంచుకోండి. అప్పుడు పిండకుండా పోతుంది. డాక్యుమెంటుగా 2 జీబీ దాకా పంపవచ్చు. 2023 నుంచి హెచ్‌డీ అని ఒక గుర్తు కూడా వచ్చింది. అది కొంత మెరుగు, అయినా అసలుతో సమానం కాదు.

ఎంత మంచి ఫొటో అయినా పెబ్రిన్‌ను తేల్చలేదని కూడా ఇక్కడే చెప్పాలి. అది సూక్ష్మదర్శినికే దొరుకుతుంది. 1865లో ఫ్రాన్స్‌లో పట్టు రైతులు దివాలా తీస్తున్నప్పుడు లూయీ పాశ్చర్ ఆలే అనే ఊరికి వచ్చి కొన్నేళ్లు పట్టుపురుగుల రోగాల మీదే పనిచేశాడు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నలిపి సూక్ష్మదర్శిని కింద చూసి, రోగం ఉంటే ఆ గుడ్లు తీసేసే పద్ధతి ఆయన నిలబెట్టిందే. మన గుడ్ల కేంద్రాల్లో ఇప్పటికీ తల్లి చిలుక పరీక్ష నడుస్తోంది. కాబట్టి అనుమానం ఉంటే ఫొటో పంపి ఊరుకోకండి, పురుగులనే పరీక్షకు పంపండి. అన్నీ ఫోన్లో అయిపోతాయనే భ్రమ ఈ మధ్య మన గుంపుల్లోనూ కొంచెం పెరిగింది.

రెండో చిక్కు లొకేషన్. షెడ్డు కట్టినా, తోట పెట్టినా, డ్రిప్పు వేసినా జియోట్యాగ్ ఫొటో అడుగుతున్నారు. ఫోను కెమెరాలో లొకేషన్ వెలిగించి తీస్తే ఫొటో లోపల కనిపించకుండా ఆ చోటి అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం రాసి ఉంటాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపగానే లోపల రాసిన ఆ చోటు వివరం ఊడిపోతుంది. కాడుగోడిలో కూర్చున్న కొడుకు ఆ ఫొటోను దరఖాస్తుకు ఎక్కిస్తే "చోటు వివరాలు లేవు" అని తిరిగి రావచ్చు. కొత్తగా ఫొటో తీసి మళ్లీ పంపినా అదే దారిన పంపితే అదే ఫలితం. డాక్యుమెంటుగా పంపితే, క్విక్ షేర్‌లో ఇస్తే, డ్రైవ్‌లో అసలు ఫైలు పెడితే ఆ వివరం అలాగే ఉంటుంది. ఫొటో మీదే అక్షరాలుగా చోటు, తేదీ ముద్రించే కెమెరా యాప్‌లు ఉన్నాయి. వాటితో తీస్తే ఏ దారిన పంపినా పైకి కనిపించే అక్షరాలు పోవు. అధికారులు రెండింటిలో ఏది అడుగుతున్నారో ముందే తెలుసుకోండి. మీ రైతు సేవా కేంద్రంలోని సెరికల్చర్ అసిస్టెంటును అడిగితే చెబుతారు.

వాట్సాప్‌లోనే ఇంకో ప్రమాదం తిరుగుతోంది. పీఎం కిసాన్ అనో, బ్యాంకు అనో, చలానా అనో పేరు పెట్టి, చివర ఏపీకే అని ఉండే ఫైళ్లు వస్తున్నాయి. అది కాగితం కాదు, యాప్. నొక్కి ఎక్కించుకుంటే ఫోనుకు వచ్చే ఓటీపీలు వాళ్లకు చేరతాయి. గూళ్ల డబ్బు నేరుగా ఖాతాలో పడుతున్న ఈ రోజుల్లో అది ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా నొక్కకండి. వాళ్ల ఫోను ముందే దొంగల చేతిలో పడి ఉండవచ్చు.

*పురుగు ఉన్న షెడ్డులో ఫోను*

ఫోన్ల గురించి రాసేవాళ్లు ఎవరూ రాయని సంగతి ఇది. మనకు మాత్రం ఇదే ముఖ్యం.

నేరుగా ఇచ్చిపుచ్చుకోవాలంటే మనిషి మనిషి దగ్గరికి రావాలి. పక్క ఊరి రైతు వీడియో ఇస్తానని మన షెడ్డులోకి వస్తాడు. లేదా మన ఫోను తీసుకుని ఆయన షెడ్డుకు మనం పోతాం. గ్రాసరీ కలిగించే వైరస్ గింజలు దుమ్ములో, గోడల్లో చాలా కాలం బతికి ఉంటాయి. సున్నపుకట్టు రోగం బూజు గాలికి కూడా లేస్తుంది. షెడ్డు గడప దగ్గర సున్నం, బ్లీచింగ్ పొడి చల్లి, కాళ్లు తొక్కి, చేతులు కడుక్కుని లోపలికి పోతాం. చేతిలో ఉన్న ఫోను మాత్రం కడగం. పడక సర్దిన చేత్తోనే ఫోను తీస్తాం, ఆ ఫోను ముట్టిన చేత్తోనే మళ్లీ ఆకు వేస్తాం. దాని మీద బ్లీచింగ్ నీళ్లు చల్లలేం కదా.

అందుకని పురుగులు షెడ్డులో ఉన్న రోజుల్లో చేతులు మారే పద్ధతులు ఆపేయండి. పెన్‌డ్రైవ్ వద్దు, మెమరీ కార్డు వద్దు, "ఒక నిమిషం ఫోను ఇటియ్యి అన్నా" అనేది అస్సలు వద్దు. క్విక్ షేర్‌కు పక్కనే ఆనుకుని కూర్చోవలసిన పని లేదు, నాలుగు అడుగుల దూరంలోనూ పనిచేస్తుంది. షెడ్డు బయట, చెట్టు కింద నిలబడి ఎవరి ఫోను వాళ్ల చేతిలో పెట్టుకుని ఇచ్చుకోండి. లోపలికి ఫోను తప్పదంటే పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో పెట్టి తీసుకుపోండి. కవరు మీదే నొక్కవచ్చు, బయటికి వచ్చాక కవరు తీసి కాల్చేయవచ్చు.

పట్టిక కాగితం మీద అచ్చు వేయించి గోడకు అంటించడం ఇంకా మేలు కాదా అని మీరు అడగవచ్చు. మేలే. అన్నిటికన్నా మేలు. పది రూపాయల జిరాక్సు ముందు ఏ ఫోనూ నిలవదు. వీడియోను మాత్రం గోడకు అంటించలేం.

*ఎప్పుడు ఏ దారి*

కాడుగోడి పిల్లలున్న ఇళ్లకు మేము చెప్పే పద్ధతి పంట లెక్క ప్రకారం నడుస్తుంది. గుడ్డు పగిలిన దగ్గర నుంచి గూడు కట్టే దాకా 25 రోజులు అటూ ఇటూ. అందులో మొదటి వారం చాకీ కేంద్రంలో పోతుంది. రెండో జ్వరం దాటిన పురుగులు మన షెడ్డుకు వస్తాయి. తిన్నంత ఆకులో నూటికి 80 పైనే ఐదో దశలోనే తింటాయి. ఆ వారంలో ఇంటిల్లిపాదికీ అన్నం తినే తీరిక ఉండదు, లింకులు తెరిచే తీరిక ఎక్కడిది?

కాబట్టి చాకీ పురుగులు వచ్చే ముందు శని, ఆదివారాల్లో పిల్లలు ఊరికి వచ్చినప్పుడు బరువైన ఫైళ్లన్నీ నేరుగా తండ్రి ఫోన్లోకి ఎక్కించాలి. వీడియోలు, దశల వారీ పట్టికలు, మందుల మోతాదులు. నాలుగో జ్వరం తర్వాత వేడి 24 డిగ్రీల దగ్గర, తేమ 70 శాతం దగ్గర ఉంచాలని, ఏ దశలో ఏ పొడి ఎంతని రాసినవన్నీ. కాడుగోడి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు పిల్లలు అన్నిటినీ ఒక ఫోల్డర్లో సర్దుకుంటే ఇంటికి వచ్చాక పది నిమిషాల పని. ఫోల్డరుకు పేరు తెలుగులో పెట్టండి. "పట్టు 2" అని ఉంటే నాయనకు దొరుకుతుంది, డౌన్‌లోడ్స్‌లో అంకెలతో ఉన్న పేరును ఆయన ఎక్కడ వెతుకుతాడు? ఫోన్లో చోటు లేకపోతే ముందు పాత గుడ్ మార్నింగ్ బొమ్మలు తీసేయండి. వాటికే రెండు మూడు జీబీలు పోయిన ఫోన్లు మేము చూశాం.

పురుగులు వచ్చిన తర్వాత కాడుగోడి నుంచి రావలసినవి చిన్నవే: ఒక పేజీ పీడీఎఫ్, ఒక మాట రికార్డు. వాటికి వాట్సాప్ డాక్యుమెంటు చాలు. మాట రికార్డు అయితే ఇంకా సుఖం, ఆకు నరుకుతూ కూడా వినవచ్చు.

గూళ్లు విడిపించి అమ్మిన తర్వాత మాత్రం క్లౌడ్ తప్పదు. హిందూపురం అయినా, పలమనేరు అయినా, రామనగరం అయినా, మార్కెట్లో వచ్చిన రసీదును అక్కడే ఫొటో తీసి, ఊరికి వచ్చే దాకా ఆగకుండా తండ్రి ఖాతాలోని డ్రైవ్‌లో పెట్టేయండి. గుడ్ల బిల్లు, చాకీ చీటీ, గూళ్ల రసీదు మూడూ ఒక పంటకు ఒక ఫోల్డరులో ఉండాలి. ఆ ఫోల్డరును కొడుకుకో, కూతురికో చూసే అనుమతి ఇవ్వండి. సొంతదారు తండ్రి, చూసేది పిల్లలు. ఇప్పుడు చాలా ఇళ్లలో తలకిందులుగా ఉంది. బ్యాంకు లోను అడిగినా, పంట పోయి సాయం అడిగినా చూపించవలసినవి ఆ కాగితాలే. అవి కొడుకు పాత ఫోనుతో పాటు పోయాయంటే నష్టం రైతుది.

ఆధార్ లాంటి ప్రభుత్వ కాగితాలకు డ్రైవ్ కూడా అక్కరలేదు, 2015లో వచ్చిన డిజిలాకర్ ఉంది. తండ్రి ఫోను నంబరు ఆధార్‌తో కలిసి ఉంటే చాలు. కలపని వాళ్లు ముందు ఆ పని చేయించుకోండి.

ఈ సంచికతో పాటు ఐదు దశల మేత, వేడి, తేమ, పొడి మందుల పట్టికను కింద పీడీఎఫ్‌గా పెడుతున్నాం. లింకు కాదు, ఫైలే. ఒకసారి నొక్కి దించుకుని, నెట్టు ఆపి తెరిచి చూడండి. తెరుచుకోనివాళ్లు గుంపులో ఫోను కంపెనీ పేరు రాసి పెట్టండి, వచ్చే ఆదివారం సాయంత్రం ఒక్కొక్కరికీ జవాబు ఇస్తాం. అచ్చు వేయించుకునేవాళ్లకు అక్షరాలు పెద్దవిగా ఉన్న రెండో కాపీ కూడా ఉంది.